ముగ్గులో ఎడమ పక్క: పక్షవాతం తర్వాత ఒక పాడి రైతు కేస్ స్టడీ

రోగి, నేపథ్యం

వయసు 58. చంద్రగిరి నుంచి పాకాల పోయే దారికి కాస్త లోపలగా ఉండే పల్లె. కుడిచేతి వాటం. రెండు జెర్సీ ఆవులు, ఒక దూడ, వాటికి సరిపడా కసువు (గడ్డి) పెంచుకునే చెక్క నేల. భర్తకు మోకాళ్ళ నొప్పులు. కొడుకు తిరుపతిలో టూరిస్టు కారు నడుపుతాడు, కోడలు ఇంట్లోనే. బీపీ ఉందని చాలా ఏళ్ళ కిందటే చెప్పారు. మాత్రలు తలనొప్పి వచ్చిన రోజు మాత్రమే వేసుకునేది. ఈ కేసు రాయడానికి ఆమె, భర్త ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న సంగతులు కొన్ని మార్చాను. నేను పిలిచినట్టే ఇక్కడా ఆమెను పెద్దమ్మ అనే రాస్తాను.

తెల్లవారుజామున పాలు పిండుతూ పిండుతూ ఎడమ పక్కకి ఒరిగిపోయింది. తల తిరిగిందేమోనని ఇంట్లో పడుకోబెట్టారు. మూతి వంకర పోయిందని కోడలు గమనించేసరికి ఎండెక్కింది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు పడాలి. ఆసుపత్రి చేరేసరికి ఆ సమయం దాటిపోయింది. స్కాన్‌లో మెదడు కుడి సగంలో, మధ్య ధమని రక్తం ఇచ్చే మేర దెబ్బ కనబడింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికి, మధ్యలో ఒకసారి ఆకుపసరు ఇచ్చే ఊరికి, ఆ తర్వాత ఫిజియోథెరపీకి తిరిగి, నా దగ్గరికి వచ్చేసరికి రెండు నెలలు దాటింది. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా సాధన చేయించేదాన్ని. ఫిజియో మంచి పని చేశారు. కుడి చేత్తో కర్ర పట్టుకొని, కోడలు పక్కనుంటే ఇంట్లో నడవగలుగుతోంది. "కాలు వచ్చింది మేడం, ఇంక చెయ్యి రావల్ల. చెయ్యి వచ్చేస్తే ఆమె పని ఆమె చూసుకుంటాది" అన్నాడు భర్త. కోడలి ఫిర్యాదు వేరే. "తట్టలో సంగటి సగం తిని సగం వదిలేస్తాది. కూర ఆ పక్కే పెట్టింటాను, ముట్టదు. ఆకలి అని మళ్ళీ అడుగుతాది. నా మీద కోపంతోనే చేస్తా ఉండాది."

అందరూ చెయ్యి చూడమని తెచ్చారు గానీ, చూడాల్సింది ఆ తట్ట. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఆ వదిలేసిన సగం సంగటి చుట్టూనే తిరుగుతుంది.

పరీక్షలో కనబడింది

నైటీ మీద తువ్వాలు కప్పుకొని కూర్చుంది. కుడి చేతికి ఆకుపచ్చ గాజులు నిండుగా ఉన్నాయి. ఎడమ చేయి బోసి. ఆసుపత్రిలో సూది గుచ్చడానికి తీసేశారట. భర్త ఎదురుగానే ఉన్న ముత్తైదువ ఒక చేయి బోసిగా పెట్టుకొని రెండు నెలలు తిరిగిందంటే, మన ఊళ్ళలో ఏ వదినో అత్తో అనకుండా ఉండరు. అన్నారు కూడా. "ఎడమ చేతి గాజులేవి పెద్దమ్మా?" అని అడిగితే కుడి చేయి ఎత్తి, గలగలలాడించి, "ఉండాయి గదమ్మా" అంది.

జుట్టు కుడి వైపే దువ్వింది. గదిలోకి వస్తూ ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంది, కొట్టుకున్నట్టు కూడా అనిపించలేదు. చూపు మందగించిందా అని ముందు తేల్చుకోవాలి. ఎదురుగా కూర్చొని ఎడమ పక్క నా వేలు ఒక్కటే ఆడిస్తే చెప్పగలిగింది. రెండు పక్కలా రెండు వేళ్ళూ ఒకేసారి ఆడిస్తే కుడిది ఒక్కటే చెప్పింది. కంటి చూపు ఒక పక్క పోయినవాళ్ళు తమకు కనబడడం లేదని తెలిసి తల తిప్పి వెతుక్కుంటారు. ఈమె వెతకదు, ఎందుకంటే అక్కడ వెతకాల్సింది ఏదైనా ఉందన్న ధ్యాసే లేదు. దీన్నే నెగ్లెక్ట్ అంటాం. మెదడు కుడి సగం దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువగా, ఎక్కువ కాలం ఉంటుంది. ఇంట్లోవాళ్ళు దీన్ని మొండితనమనో, మతిమరుపనో, కోడలి మీద కోపమనో అనుకోవడం మామూలే.

కాగితం మీద నక్షత్రాలు కొట్టే పరీక్ష పెట్టాను. అందులో లెక్కలోకి తీసుకునే చిన్న నక్షత్రాలు 54, 51 కంటే తక్కువ కొడితే అనుమానించాలి. ఆమె కొట్టినవి 29, దాదాపు అన్నీ కుడి సగంలోనే. కానీ మూడో తరగతితో బడి మానేసిన మనిషికి పెన్ను, కాగితం రెండూ కొత్తే. ఆ అంకె ఒక్కదాని మీదే నిలబడడం నాకిష్టం లేదు. "పొద్దున లేస్తానే ఏం చేస్తావు పెద్దమ్మా?" అంటే "వాకిలి చిమ్మి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసి, ఆవుల కాడికి పోతాను" అంది. సరే అని నల్లరంగు పూసిన పలక ఒకటి బల్ల మీద పెట్టి, చిన్న గిన్నెలో ముగ్గుపిండి ఇచ్చి, ఏడు చుక్కలు ఏడు వరసల మెలికల ముగ్గు వేయమన్నాను.

బొటనవేలు, చూపుడువేలి మధ్య పిండి పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తుంది, నలభై ఏళ్ళుగా రోజూ వేసిన చేయి. మొదటి వరసలో ఏడు చుక్కలూ లెక్కపెట్టే పెట్టింది, కాకపోతే అన్నీ పలక కుడి సగంలో ఇరికించింది. వరసలు కిందికి దిగే కొద్దీ ఎడమ అంచు కుడికి జరిగిపోయింది, చివరి వరసలో చుక్కలు నాలుగే. తర్వాత మెలిక మొదలుపెట్టింది. కుడి పక్క చుక్కల చుట్టూ గీత ఎక్కడా తెగకుండా తిరిగింది, ఎడమకి వచ్చేసరికి మూడో చుక్క దగ్గరే వెనక్కి మళ్ళింది. మెలికల ముగ్గులో గీత బయల్దేరిన చోటికే రావాలి. రాలేదు. పిండి వేళ్ళ మధ్యే పట్టుకొని చాలాసేపు చూసి, "మెలిక కలవలేదే" అంది.

నేనేమీ అనలేదు. పలకను ఒక జానెడు కుడికి జరిపాను. వదిలేసిన ఎడమ చుక్కలు ఆమె ఎదుటికి వచ్చాయి.

"ఈ చుక్కలు ఎవురు పెట్టినారు?"

"నువ్వే పెట్టినావు పెద్దమ్మా."

నమ్మలేదు. భర్త వైపు చూసింది. ఆయన తలూపాడు. అప్పటిదాకా "నాకేం గాలేదు, చెయ్యి ఒకటే తిమ్మిరి" అంటున్న మనిషి తన వైపు ఏదో తేడా ఉందని మొదటిసారి ఒప్పుకుంది. ఈ రకం రోగుల్లో అది చాలా కష్టమైన మెట్టు. ఎవరో చెబితే ఒప్పుకోరు. తన చేత్తో తాను వేసిన ముగ్గు కలవకపోతే వాదించడానికి ఏమీ ఉండదు.

కోడలినీ భర్తనూ అడిగి, తినడం, బట్టలు కట్టుకోవడం, నడవడం లాంటి పది రోజువారీ పనుల్లో నెగ్లెక్ట్ ఎంతుందో కొలిచే క్యాథరిన్ బెర్జెగో స్కేల్ నింపాను. 30కి 19 వచ్చింది, అంటే మధ్యస్థం, తీవ్రానికి దగ్గర. రోజువారీ పనుల్లో సొంతంగా ఎంత చేసుకోగలదో చెప్పే బార్తెల్ 100కి 55. చేతి కదలికకు ఫ్యూగల్-మేయర్ 66కి 31. వేళ్ళు ముడుచుకునే బిగుతు ఆష్‌వర్త్ కొలతలో 1+, అంటే కొద్దిపాటిది. భుజం కీలు ఒక వేలు పట్టేంత కిందికి జారింది. కుర్చీలోంచి లేపేటప్పుడు ఎడమ చేయి పట్టుకొని లాగుతున్నారని తెలిసింది. ఆ రోజు ఇంటికి పంపేముందు నేర్పింది అదొక్కటే: చంక కింద పట్టి లేపొద్దు, చెయ్యి పట్టి లాగొద్దు, కూర్చున్నప్పుడు ముంజేయి దిండు మీదో ఒళ్ళోనో ఉండాలి.

ఏం కావాలన్నది ఎవరి మాట

1991 నుంచి మా వృత్తిలో వాడుతున్న సీఓపీఎం అనే పద్ధతి ఉంది. రోగి తనకు ముఖ్యమైన పనులు తానే చెప్పి, ఇప్పుడు ఎలా చేస్తున్నానో, దాంతో ఎంత తృప్తిగా ఉన్నానో 1 నుంచి 10 వరకు అంకె వేయాలి. భర్త చెప్పింది పాలు పిండడం. కోడలు చెప్పింది స్టవ్, ఎందుకంటే ఒకసారి ఎడమ పక్క పొయ్యి వెలుగుతుంటే చూడకుండా గుడ్డ దాని మీద పెట్టేసింది. పెద్దమ్మను అడిగితే మొదట చెప్పింది చీర. "ఈ నైటీలో నేను వాకిట్లోకి పోలేను. పాలాయన వస్తాడు, ఊరంతా పోతా ఉంటారు." రెండోది ఆవు. మూడోది ముగ్గు. సంగటి కెలకడం నాలుగో మాటగా, అదీ కోడలి వైపు చూస్తూ.

చీరతోనే మొదలుపెట్టాను. కొంగు పడేది ఎడమ భుజం మీద, అంటే ఆమెకు లేని పక్క. అక్కడి నుంచి జారినా తెలియదు. లంగాకు నాడా బదులు అంటుకునే పట్టీ కుట్టించాం. మంచం అంచున కూర్చొని, ఎడమ చేయి ముందు, కుడి చేయి తర్వాత రవిక తొడుక్కోవడం, కుచ్చిళ్ళు తొడల మధ్య నొక్కిపెట్టి మడవడం, కొంగుకు పిన్ను కోడలు పెట్టడం. రోజూ అద్దం ముందు కూర్చొని ఎడమ భుజం మీద కొంగు అంచు చేత్తో తడిమి చూసుకోవాలి. దీని గురించి ఇంకా పెద్దగా చెప్పాల్సింది లేదు. కొన్ని వారాల్లో కుదిరింది. కొంగు పిన్ను మాత్రం ఇప్పటికీ కోడలే.

ఎడమ పక్కకి చూపు తేవడం

ఎడమ చేతికి గాజులు మళ్ళీ తొడిగించాం, కానీ గాజువి కాదు. స్పర్శ సరిగా లేని చేతికి గాజు పగిలితే కోసుకున్నా తెలియదు. ఎర్ర రబ్బరు గాజులు, వాటి మధ్య చప్పుడు చేసే సన్నటి ఇత్తడివి రెండు. రంగు కంటికి, చప్పుడు చెవికి. ఎడమ చేయి ఎడమ పక్కనే ఉండి, కొద్దిగానైనా తనంతట తాను కదిలితే ఆ పక్క మీద ధ్యాస పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కుడి చేత్తో పట్టి కదిలిస్తే అంత లాభం ఉండదు. అందుకే ఏ పని మొదలుపెట్టినా ముందు ఎడమ చేతి గాజులు చప్పుడు చేయాలన్నది మా నియమం.

తట్టకి ఎడమ అంచున ఎర్రగుడ్డ పరిచాం. "ఎర్రది కనబడే దాకా తల తిప్పు, ఆడి నుంచి తింటా రా." కోడలికి ఒక మాట గట్టిగా చెప్పాల్సి వచ్చింది: కూర కుడికి జరిపి పెట్టొద్దు, ఎడమనే ఉండనీ, కానీ తిట్టొద్దు. ముగ్గు పలక ఇంటికి పంపాను. రోజూ ఒకటి, ఎడమ అంచు నుంచి మొదలుపెట్టాలి. మొదట్లో ఎడమ అంచున ఎర్ర కుంకుమతో నిలువు గీత గీసిచ్చేవాళ్ళం, తర్వాత ఆ గీత తీసేశాం. మెలిక కలిసిందా లేదా అన్నది ఆమెకు ముగ్గే చెబుతుంది, నేను చెప్పాల్సిన పని లేదు. పరీక్షగా మొదలైనది సాధనగా మారింది.

1998లో రోసెట్టి బృందం ప్రచురించినప్పటి నుంచి ప్రిజం కళ్ళద్దాల (ఎదుటి దృశ్యాన్ని ఒక పక్కకి జరిపి చూపే అద్దాల) సాధన ఈ సమస్యకు వాడుతున్నారు. నా దగ్గర ఆ అద్దాలు లేవు. మంచి చేతిని కట్టేసి పడిపోయిన చేత్తోనే పని చేయించే పద్ధతి గురించి తోటి థెరపిస్టు ఒకరు అడిగారు. మణికట్టు 20 డిగ్రీలు, వేళ్ళు 10 డిగ్రీలు పైకి లేస్తే దానికి అర్హత ఉన్నట్టే, ఈమెకు అంతవరకు లేస్తున్నాయి. కానీ ఆమె కర్ర పట్టేది ఆ కుడి చేత్తోనే. దాన్ని కట్టేసి, ఎడమ పక్క గోడ తెలియని మనిషిని నడిపించడం నాకు సమ్మతం కాలేదు. పైగా ఆమె కోరుకున్న పని రెండు చేతులదీ.

పాలు పిండడం అనే పని

బయటివాళ్ళకు ఇది పిసకడంలా కనబడుతుంది. విడదీసి చూస్తే చాలా ఉంది. దూడను విడవాలి, అది నాలుగు గుక్కలు తాగేసరికి ఆవు చేపుతుంది, అంటే పాలు దింపుతుంది. దూడను లాగి కట్టాలి, పొదుగు కడగాలి, పీట మీద కూర్చోవాలి, చెంబు మోకాళ్ళ మధ్య పట్టాలి. చేపు వచ్చాక చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే, హార్మోను ప్రభావం తగ్గాక పాలు దిగవు. చేయి నిదానమైతే పొదుగులో పాలు మిగిలిపోతాయి. మిగిలితే పొదుగువాపు వచ్చే ప్రమాదం. పైగా చివర్లో వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. అవి వదిలేస్తే కేంద్రంలో ఫ్యాట్ తక్కువ పడుతుంది, రేటు తగ్గుతుంది. ఈ లెక్క పెద్దమ్మ నాకు చెప్పింది, నేనామెకు చెప్పలేదు. థెరపీ కోసమని ఆవును నిదానంగా పిండిద్దామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

కాబట్టి ముందు ఆవు లేకుండానే సాధన. రబ్బరు గ్లవ్‌లో నీళ్ళు పోసి, వేళ్ళ చివర సూదితో చిల్లి పెట్టి, కడ్డీకి వేలాడదీశాం. పైన బొటనవేలు, చూపుడువేలు బిగించి దారి మూసి, తర్వాత మిగతా వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మూయాలి. పక్షవాతం వచ్చిన చేయి అన్ని వేళ్ళూ ఒక్కసారే ముడుస్తుంది, అలా ముడిస్తే నీళ్ళు కిందికి రావు, పైకే పోతాయి. ఆమె పాత అలవాటు బొటనవేలు మడిచి, దాని కణుపుతో నొక్కి పిండడం. చన్ను దెబ్బతింటుందని పశువైద్యులు వద్దనే పద్ధతి అది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతున్న ఈ చేతికీ అది వద్దు. పిడికిలి పద్ధతి ఆమె కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. "యాభై ఎనిమిదేళ్ళకు పాలు పిండేది నేర్పిస్తావా నాకు" అని నవ్వింది గానీ, నేర్చుకుంది.

ఎడమ చేతితో ధార వచ్చింది, సన్నగా. కుడి చేతి వేగంలో సగం కూడా లేదు.

కొట్టంలో

వాళ్ళ ఇంటికి వెళ్ళి చూడకపోతే సగం విషయం తెలిసేది కాదు. కొట్టం నేల బండలు పరిచి, గంజు (ఆవుల మూత్రం) పోయేలా వాలుగా ఉంది, తడిసి జారుతోంది. పీట జానెడు ఎత్తు, దాని మీద నుంచి లేవడం ఆమెకు అసాధ్యం. మామూలు కుర్చీ ఎత్తైతే చేయి పొదుగు దాకా అందదు. రెండింటికీ మధ్య ఎత్తులో ఒక సిమెంటు ఇటుక దిమ్మె, లేచేటప్పుడు కుడి చేత్తో పట్టుకోవడానికి పక్కనే గుంజ. నడిచే దారి మేర గోనెసంచులు పరిచారు.

ఇంకో సంగతి అక్కడే బయటపడింది. ఆమె ఎప్పుడూ ఆవుకు కుడి పక్క కూర్చుంటుంది. అలా కూర్చుంటే ఆవు వెనక కాళ్ళు ఆమెకు ఎడమ చేతి వైపు వస్తాయి. తన్నబోయే కాలు సరిగ్గా ఆమె చూడని పక్కనే. ఆవుకు ఎడమ పక్క కూర్చుంటే తల ఎడమకి, వెనక కాళ్ళు కుడికి వస్తాయి, కాలు కదిలితే కనబడుతుంది. నేను చెప్పగానే భర్త అడ్డం తల ఊపాడు: "ఆ పక్క కూర్చుంటే ఆవు నిలబడదు మేడం, అలవాటు లేదు." ఆయన మాట నిజమే. చిన్న ఆవు బెదిరింది. పెద్ద ఆవు ముందు చెనక్కాయ చెక్క కలిపిన తవుడు తొట్టి పెట్టి, ఆయన తల దగ్గర నిలబడి, కోడలు ఆ పక్క నుంచి పిండుతూ వారం పైన అలవాటు చేశారు. ఆ తర్వాతే పెద్దమ్మను కూర్చోబెట్టాం, వెనక కాళ్ళకు తాడు కట్టి.

పని పంచుకున్నారు. చేపు రాగానే పెద్దమ్మ రెండు చన్నులు పిండుతుంది, కుడి చేత్తో గట్టిగా, ఎడమ చేత్తో వచ్చినంత. మొదటి వేగం తగ్గకముందే లేస్తుంది, కోడలు కూర్చొని మిగతా రెండూ పిండి, నాలుగింటినీ చివరిదాకా తీస్తుంది. చిన్న ఆవు పూర్తిగా కోడలిదే. మిషన్ కొనిస్తానని కొడుకు అన్నాడు. కొనాలా వద్దా అన్నది వాళ్ళ ఇంటి లెక్క. పెద్దమ్మకు కావాల్సింది పాలు కాదు, ఆ ఆవు పక్కన కూర్చోవడం అని మాత్రం అతనికి చెప్పాను.

ఫలితం

సుమారు నాలుగు నెలల తర్వాత మళ్ళీ కొలిచాం. బెర్జెగో స్కేల్ 19 నుంచి 7కి దిగింది. బార్తెల్ 55 నుంచి 85. ఫ్యూగల్-మేయర్ 31 నుంచి 38. పాలు పిండడానికి ఆమె వేసుకున్న అంకె 1 నుంచి 5కి, తృప్తి 1 నుంచి 7కి పెరిగాయి. సీఓపీఎంలో రెండు అంకెల తేడా వచ్చినా లెక్కలోకి తీసుకుంటాం. చీరకు తృప్తి 9 వేసింది, కొంగు పిన్ను వేరేవాళ్ళు పెట్టినా సరే.

ఈ మార్పంతా నా చికిత్స వల్లే అనడానికి లేదు. పక్షవాతం తర్వాత మొదటి కొన్ని నెలల్లో మెదడు తనంతట తాను కూడా కోలుకుంటుంది, ఈమె వచ్చింది ఆ కాలంలోనే. ఒక మనిషి కేసుతో ఏది ఎంత చేసిందో విడదీయలేం. నాకు కనబడిన తేడా ఒకటి చెప్పగలను. చేతి అంకె కొద్దిగానే మారింది, రోజు గడిచే తీరు చాలా మారింది. చెయ్యి ఒక్కటే చూసుకుంటూ ఉండి ఉంటే ఎడమ చేత్తో ఇంకాస్త గట్టిగా ధార తీసేదేమో, కానీ ఆవు వెనక కాలు ఏ వైపు ఉందో ఎవరమూ గమనించే వాళ్ళం కాదు.

ఇంకా కుదరనివి ఉన్నాయి. అలసిపోయిన సాయంత్రాలు ఎడమ పక్క మళ్ళీ జారిపోతుంది. పొద్దున కలిసిన ముగ్గు సాయంత్రం కలవదు. నూనె మూకుడు పెట్టే పని ఒంటరిగా వద్దన్నాను. సంగటి కెలకడంలో కుండ కదలకుండా రెండు కట్టెలతో అదిమిపెట్టేది భర్త, కెలికేది ఆమె. బీపీ మాత్రలు ఇప్పుడు రోజూ పడుతున్నాయి, ఆ బాధ్యత కొడుకు తీసుకున్నాడు.

పాల కేంద్రానికి తానే చెంబు తీసుకెళ్తానని పట్టుబడుతోంది. కేంద్రం రోడ్డుకు అవతల ఉంది. దాటేటప్పుడు మొదటి సగంలో బండ్లు కుడి నుంచి వస్తాయి, అవి చూస్తుంది. రోడ్డు మధ్యకు వచ్చాక ఎడమ నుంచి వస్తాయి. కోడలు ఒక అడుగు వెనక నడుస్తూ, ఏమీ చెప్పకుండా, మధ్యలో తల తిప్పుతుందా లేదా అని చూసి నాకు ఫోన్‌లో చెబుతోంది. పొద్దుటిపూట చాలావరకు తిప్పుతోందట. సాయంత్రం పాలకు మాత్రం కోడలే పోతోంది, అదే ప్రస్తుతానికి నా సలహా.